తోక లేని ముడి

"పెండ్లయిన ఇన్నేండ్లకు మా ఇంట్ల నాకు మాట్లాడే వంతొచ్చింది" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, పప్పుకట్టు ఫ్లాస్కు బల్ల మీద పెట్టి రామ్‌దాస్ భార్య సుమలత వెళ్ళిపోయింది.

రామ్‌దాస్‌కు నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయాడు. పై పళ్ళ వరసకొక లోహపు పట్టీ, కింది వరసకొక పట్టీ కట్టి, ఆ రెండింటినీ వైర్లతో కలిపి బిగించేశారు. పాతికేళ్ళుగా జనాన్ని ప్రశ్నలడిగి పొట్టపోసుకున్న ప్రైవేట్ డిటెక్టివ్ ఇప్పుడు ఒక్క మాట అనాలంటే పళ్ళ సందుల్లోంచి గాలితో కలిపి నెట్టాలి. కోపమొస్తే ఆ కాస్తా కూడా అర్థం కాదు. ఆయనకేమో పొద్దున లేచింది మొదలు కోపమే. దేవుడు కూడా కొందరిని గురి చూసి మరీ కొడతాడు.

ఆ ఆసుపత్రి గదిలో పక్క మంచం మీద చిన్నయ్య. మోస్రా మనిషి, చెరుకు ట్రాక్టర్ డ్రైవర్. రామ్‌దాస్ దవడ విరగ్గొట్టిన ఇనుప రాడ్‌తోనే, ఆ రోజే అతని దవడా విరిగింది. అతనికి రాత రాదు, రామ్‌దాస్‌లా పళ్ళ సందుల్లోంచి మాట నెట్టడమూ చేతకావడం లేదు.

జరిగింది ఇదీ. బోధన్ చెరుకు రైతుల నాయకుడు భూమన్నను ఎవరో నిజాంసాగర్ కాలువ గట్టు మీద తల పగలగొట్టి చంపారు. ముందు రోజే తండ్రితో గొడవపడ్డ కొడుకు వేణును పోలీసులు పట్టుకుపోయి జైల్లో పెట్టారు. "మా అన్న కొడుకు చీమకు గూడ హాని చెయ్యడు, ఎట్లన్న బయటికి తియ్యండి" అని భూమన్న తమ్ముడు రాజశేఖర్ వచ్చి రామ్‌దాస్‌ను పెట్టుకున్నాడు. రామ్‌దాస్ ఊరూరా తిరిగి, హత్య జరిగిన వేళ కాలువలో ట్రాక్టర్ కడుక్కుంటూ ఉండిన చిన్నయ్యను మోస్రాలో పట్టుకున్నాడు. కళ్ళారా చూసిన ఒకే ఒక్క సాక్షి. పేరు మాత్రం జడ్జి ముందే చెప్తానన్నాడు. బండి మీద ఎక్కించుకుని నిజామాబాద్ తెస్తుంటే, పట్టపగలు, ముఖానికి గుడ్డలు కట్టుకున్న ఇద్దరు అడ్డం తగిలారు. వెనక నుంచి చెరుకు లారీ రాబట్టి ప్రాణాలు మిగిలాయి. దవడలు మిగల్లేదు.

రేపు పొద్దున మెజిస్ట్రేట్ ఈ గదికే వస్తాడు. డాక్టర్ హర్షిణి చిన్నయ్య వైర్లు కాసేపు వదులు చేస్తుంది, అతను పేరు చెప్తాడు, వేణు బయటికొస్తాడు. అప్పటిదాకా చిన్నయ్య బతికుండాలి. తలుపు దగ్గర హన్మండ్లు అనే కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టింది అందుకే.

రామ్‌దాస్ ఎక్స్‌రేకని కింది అంతస్తుకు వెళ్ళి ఇలా వచ్చాడో లేదో, డాక్టర్ రౌండ్స్‌కు వచ్చింది. చిన్నయ్య పెదవి పక్కకు లాగి టార్చి వేసింది. వేసి అలాగే ఉండిపోయింది.

"ఎవరు ముట్టిండ్రు దీన్ని?"

మంచం కాళ్ళ దగ్గర కూర్చున్న చిన్నయ్య భార్య లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

రామ్‌దాస్ మంచం దిగి వచ్చాడు. "నన్ను గూడ చూడనియ్యండి మేడం."

చూశాడు. తన నోట్లో ఉన్నట్టు పట్టీలు లేవు. చిగుళ్ళ పైన రెండు, కింద రెండు చిన్న స్క్రూలు ఎముకలోకి దిగి ఉన్నాయి. ఈ పక్క పైదానికీ కిందిదానికీ కలిపి ఒక వైరు, ఆ పక్క ఇంకో వైరు.

"ఒక్క రాడ్‌తోనే ఇద్దరికీ పగిలె. మరి కట్టుడు రెండు తీర్లెందుకు?"

"మీకు పండ్లన్నీ గట్టిగున్నయి. పట్టీకి పట్టు దొరికింది, పంటి పంటికి వైరేసి కట్టిన. మిమ్మల్ని కట్టేసరికి నా నడుము పోయింది" అంది హర్షిణి. "ఈయనకు సగం పండ్లు లేవు, ఉన్నయి గూడ కదులుతున్నయి. పట్టీ కడితే ఉన్న పండ్లు ఊడొస్తయి. అందుకే ఎముకకే స్క్రూలు పెట్టిన."

"ఏది మంచిది?"

"ఎవరి నోటికి ఏది ఆగితే అది మంచిది. మీదైతే గట్టిగ నిలబడ్తది, కాని చిగుళ్ళు ఒరుసుకపోతయి, తోముకునుడు కష్టం. ఈయనది పెట్టుడు జల్ది, తీసుడు జల్ది. స్క్రూ పంటి వేరుకు తగలకుండ చూసుకుంటే చాలు."

"తీసుడు జల్ది" అన్న మాట దగ్గర రామ్‌దాస్ ఆగాడు. "ఎంత జల్ది?"

"మీ నోరు తెరిస్తే మళ్ళ కట్టనీకి నా అసొంటి డాక్టరే గావాలె. ఈయనదైతే రెండు మెలికలు విప్పితే తెరుచుకుంటది, చుట్టేస్తే మూసుకుంటది."

"డాక్టరే గావాల్నా?"

"చేతులున్నోళ్ళెవరైన చాలు. కాని ఇది డాక్టర్ చేసిన పని కాదు. మేము ఎప్పుడైన కుడి పక్కకే మెలేస్తం. నేను కట్టింది రేపు ఇంకో డాక్టర్ విప్పాలన్న ఎటు తిప్పాల్నో తెలవాలె గద. కొసకు తోక మిగుల్తది, దాన్ని మడిచి లోపటికి ఒత్తుతం. పొద్దుగాల నేను చూసినప్పుడు రెండు పక్కల తోకలున్నయి. ఇప్పుడు చూడండి."

తోకలు లేవు. మెలికే లేదు. వైరును స్క్రూ మెడకు రెండు చుట్లు బిగువుగా చుట్టి, కొసను ఆ చుట్ల కిందికే దోపేశారు. చెయ్యి తిరిగిన పని. రామ్‌దాస్ దాన్ని ఎక్కడో చూశాడు. ఎక్కడో తట్టలేదు. ఒకటి మాత్రం తెలిసిపోయింది. ఈ నోరు ఇవ్వాళ తెరుచుకుంది. ఎవరో దీనితో మాట్లాడించి, మాట్లాడినట్టు తెలియకుండా మళ్ళీ మూసేశారు.

"చిన్నయ్యా" అన్నాడు ముఖం దగ్గరికి వంగి. "ఎవరొచ్చిండ్రు? భయపెట్టిండ్రా? అవునంటే నా చెయ్యి ఒత్తు."

చిన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకుని గోడవైపు తిరిగాడు. ఈ గదిలోకి వచ్చినప్పటి నుంచీ అంతే. రామ్‌దాస్ ఎన్నిసార్లు పలకరించినా గోడే. నొప్పి కాబోలు అనుకుని ఊరుకున్నాడు ఇన్నాళ్ళూ.

డాక్టర్ ఫోన్ చేయగానే బోధన్ సి.ఐ. సురేందర్ దిగాడు. పోయిన ఏడాది పసుపు గోదాం దొంగతనంలో ఈయన పట్టుకున్న వాచ్‌మన్‌ను వదిలించి, అసలు దొంగను రామ్‌దాస్ చూపించాడు. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. సురేందర్ చిన్నయ్య నోట్లోకి చూసి, హన్మండ్లును పిలిచాడు.

"ఇయ్యాల ఈ రూంలకు ఎవరెవరొచ్చిండ్రు?"

"రాజశేఖర్ సారు రోజొచ్చినట్టే పొద్దుగాల వచ్చి జ్యూస్ ఇచ్చి పోయిండు సార్. ఈ సారు ఇంటామె ఫ్లాస్కు పెట్టి పోయింది. వాళ్ళు పోయినంకనే డాక్టరమ్మ పొద్దుగాల చూసింది. గంతే. నేను ఈడికెల్లి కదల్లే."

"మరి లోపలున్నదెవరు?"

"పేషెంట్లిద్దరు, గామె."

సురేందర్ కుర్చీ లాక్కుని రామ్‌దాస్ ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలో సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాదు. "ఇంకేముంది డిటెక్టివ్ సాబ్! ఆమెకు వైరు సంగతి ఏం ఎరుక? నీకైతే రోజు డాక్టర్ చెప్పవట్టె. నువ్వే ఇప్పినవ్. రేపు జడ్జి ముందట ఏం చెప్పాల్నో పాఠం నేర్పి మళ్ళ మూసినవ్."

రామ్‌దాస్‌కు నెత్తురు నెత్తికెక్కింది. "నేర్పేదుంటే మోస్రాలనే నేర్పేటోన్ని! మా మీద దాడి ఎట్ల జరిగిందో అది చెప్పు ముందు. మేము ఏ తొవ్వల వస్తున్నమో వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు? మీ స్టేషన్లకెల్లే లీకైంది!"

అదంతా బయటికి ఎలా వచ్చిందంటే, ఒక్క "స్టేషన్" తప్ప మిగతాదంతా ఉత్త గాలి, ఉమ్మి. సురేందర్ చొక్కా తుడుచుకుని, చేయి చాచాడు.

"ఫోనియ్యి. ఎవరెవరితోని మాట్లాడినవో చూస్త."

"వారంట్ ఉందా?"

"సాక్షి నోరు ఇప్పినోనికి వారంటా?" బల్ల మీది ఫోన్ తనే తీసుకుని జేబులో వేసుకున్నాడు. "హన్మండ్లు! ఈయన గుమ్మం దాటొద్దు. సాక్షి ఇంక ఈ రూంల ఉండుడు లేదు."

సరిగ్గా అప్పుడే రాజశేఖర్ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో జ్యూస్ సీసా, ముఖం నిండా దిగులు. సంగతి తెలియక కంగారుపడుతుంటే సురేందర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఇక్కడ సాక్షికి సేఫ్టీ లేదు, మార్చాలె." నోరు తెరిచిన విషయం మాత్రం ఎత్తలేదు. దర్యాప్తు సంగతి బయటి మనిషికి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"హైదరాబాద్‌ల నాకు తెలిసిన దవాఖానుంది సార్" అన్నాడు రాజశేఖర్ వెంటనే. "ఖర్చు నాది. అంబులెన్స్ ఇప్పుడే పిలుస్త. నేనే వెంట ఉంట. మా వేణు పానం ఈయన చేతులనే ఉండె గద."

"వెనక బండిల ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపుత. జడ్జి ముందట మాట గాడనే చెప్పిస్త" అన్నాడు సురేందర్.

హర్షిణికి ఇష్టం లేదు. అయినా సి.ఐ. మాట కాదనలేక, చిన్న కటింగ్ ప్లయర్ తెచ్చి రాజశేఖర్ చేతిలో పెట్టింది. "ఇది ఈయన తలకాడనే ఉండాలె. తొవ్వల వాంతి వస్తే వెంటనే రెండు వైర్లు కత్తిరించండి. నోరు మూసి ఉంటే వాంతి ఊపిరితిత్తుల్లకు పోతది. మనిషి దక్కడు."

"నేను చూసుకుంట మేడం" అన్నాడు రాజశేఖర్.

చిన్నయ్యను స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే లింగవ్వ మూట సర్దుకుని లేచింది. రాజశేఖర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "ఒక్కరికే జాగ ఉంది లింగవ్వా. నేనున్న గద. నువ్వు రేపు నిమ్మలంగ బస్సుల రా."

స్ట్రెచర్ గుమ్మం దాటుతుంటే చిన్నయ్య మెడ తిప్పి ఆమెను చూశాడు. ఆ చూపు రామ్‌దాస్ కూడా చూశాడు. మనిషి దవాఖానాకు పోతున్నట్టు లేదు.

తలుపు మూసుకుంది. బయట హన్మండ్లు కుర్చీ తలుపుకు ఆనించిన చప్పుడైంది. ఫోన్ లేదు, నోరు లేదు, రాసి చూపిద్దామన్నా కాగితమూ పెన్నూ లేవు, గుమ్మం దాటే దారి లేదు. రామ్‌దాస్ ఖాళీ మంచం దగ్గరికెళ్ళి దుప్పటి ఎత్తి దులిపాడు. దిండు తీశాడు. మంచం పట్టె సందులో సన్నటి మెరుపు కనిపించింది. గోటితో పైకి తీశాడు. విరిగిన వైరు ముక్క, కుడి పక్కకు మెలి తిరిగిన డాక్టర్ తోక. విప్పబోతే తెగిపోయింది. మిగిలిన వైరు మళ్ళీ మెలేయడానికి పొడవు చాల్లేదు. అందుకే చుట్టి దోపారు.

చుట్టి దోపారు. అమ్మ చాట ముందు కూర్చుని బీడీలు చేస్తుంటే పక్కన పడుకుని ఎక్కాలు వల్లెవేసిన రోజులు ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. బీడీకి దారం ముడెయ్యరు. రెండు చుట్లు చుట్టి కొసను కిందికి దోపుతారు. ఎన్ని వందల బీడీలో, ఎవరు ముడేస్తూ కూర్చుంటారు? ఇంటింటా బీడీలు చుట్టే నిజామాబాద్‌లో పుట్టి ఇది తట్టలేదంటే తనను చెప్పుతో కొట్టినా పాపం లేదనుకున్నాడు.

మెల్లగా తిరిగి లింగవ్వను చూశాడు.

"లింగవ్వా, నువ్వు బీడీలు చేస్తవు గద."

"చేస్త సారూ. మా వాడకట్టల అందరం చేస్తం."

"మా అమ్మ గూడ చేసేది. నీ మొగని నోట్ల వైరుకు బీడీ కట్టు ఉంది."

"నేనేం ముట్టలే సారూ."

"ముట్టినవ్. తప్పని అంటలేను. నేను ఎక్స్‌రేకు పోయినప్పుడు ఇప్పినవ్. ఆయనే సైగ చేసిండా?"

ఆమె తల ఊపింది. "పొద్దుగాల వైరు చూపిచ్చుకుంట ఏడ్సిండు. నాతోని ఏదో చెప్పాలని. నా పానం ఆగలే."

"ఏం చెప్పిండు?"

"ఆకలైతుందన్నడు. గంతే."

"గంత మాటకు వైరు ఇప్పుకుంటరా? పేరు చెప్పిండు. ఎవరిది?"

లింగవ్వ గబుక్కున వంగి ఆయన కాళ్ళు పట్టుకుంది. "నీ కాల్మొక్కుత సారూ! ఏం చెప్పలే. నాకేం ఎరుకలేదు. మేము యాడికన్న పోయి బతుకుతం. నోరిప్పిన సంగతి మీ సారుకు చెప్పకు. నీకు పుణ్యముంటది."

"మా సారెవరు? నేను ఎవరి కింద చేస్తలేను."

"నిన్ను పైసలిచ్చి పెట్టుకున్న సారు."

రామ్‌దాస్ ఆ రోజును మొదటి నుంచి తిరగేసుకున్నాడు.

మోస్రా నుంచి బయల్దేరుతూ తను చేసింది ఒకే ఒక్క ఫోన్. "సాక్షి దొరికిండు సార్, వర్ని రోడ్డు మీదికెల్లి తీసుకొస్తున్న" అని రాజశేఖర్‌కు. స్టేషన్‌కు చెప్పనేలేదు. తను చెప్పనే చెప్పని మనిషి లీక్ చేశాడని సురేందర్ మీద ఇందాక ఉమ్మి పడేదాకా అరిచాడు. తెల్ల చొక్కా వేసుకుని రోజూ జ్యూస్ తెచ్చిన మనిషి మీద మాత్రం వీసమంత అనుమానం రాలేదు. అన్న పోయి, చంపినవాడని అన్న కొడుకు జైలుకు పోతే, కాలువ కింద ఆ ఇంటి చెరుకు భూములన్నీ ఎవరి చేతికొస్తాయి? చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. గట్టు మీద వాడిని చూసి దొరక్కుండా పోయిన సాక్షిని వెతికి పెట్టడానికే తనను పెట్టుకున్నాడు. తను వెతికి పెట్టాడు! చిన్నయ్య ఎందుకు గోడవైపు తిరిగాడో ఇప్పుడు అర్థమైంది. హంతకుడి మనిషి పక్క మంచం మీదే పడుకుని, చెయ్యి ఒత్తు, పేరు చెప్పు అని అడుగుతుంటే ఇంకెటు తిరుగుతాడు?

వెనక పోలీసు బండి వస్తే ఏం లాభం? అంబులెన్స్ లోపల ఉండేది వాడు. జ్యూస్‌లో ఏ కాస్త కలిపినా చాలు, ఒక్క వాంతి. ప్లయర్ చేతిలోనే పట్టుకుని చూస్తూ కూర్చుంటాడు. "అయ్యో, కత్తిరించేలోపే పోయిండు సార్" అని ఏడుస్తాడు. కేసు కూడా ఉండదు.

తలుపు మీద దబదబా బాదాడు. హన్మండ్లు సందు తెరిచాడు. రామ్‌దాస్ రెండు చేతులూ ఊపుతూ పళ్ళ సందుల్లోంచి చెప్పాల్సిందంతా చెప్పాడు. హన్మండ్లు ముఖం తుడుచుకున్నాడు.

"నాకొక్క ముక్క సమజైతలేదు సారూ. సి.ఐ. సార్ ఇడువొద్దన్నడు. నీకు దండం పెడ్త, లోపటికి పో." తలుపు మళ్ళీ పడింది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. కింద ఆవరణలో అంబులెన్స్ వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. స్ట్రెచర్ ఎక్కించేశారు. సురేందర్, హర్షిణి పక్కన నిలబడ్డారు. రాజశేఖర్ కాలు మెట్టు మీద పెట్టాడు. రామ్‌దాస్ ఊచలు పట్టుకుని అరిచాడు. గొంతులో లేచిన అరుపు పళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయింది. బండి ఇంజన్ చప్పుడు దాన్ని మింగేసింది. దవడ లోపల ఎముక కలుక్కుమంది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. కింద ఒక్క తల కూడా పైకి లేవలేదు.

వెనక్కి తిరిగి లింగవ్వ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కో మాట ఆగి ఆగి, అర్థమయ్యేలా అన్నాడు.

"నేను వాని మనిషిని కాదు. వాడు నన్ను మోసం జేసిండు. చిన్నయ్యను తొవ్వల సంపుతడు. నాకు నోరు లేదు లింగవ్వా. నువ్వు అరువు."

"పోలీసోళ్ళ ముందటనా సారూ?" ఆమె తలుపు వైపు చూసింది. "వాడు పెద్దోడు. రేపు నన్ను బతకనిస్తడా? నా మాట ఎవరింటరు?"

"నేను విన్న. గా సి.ఐ. గూడ వింటడు. బండి పోతే చిన్నయ్య రాడు."

కింద అంబులెన్స్ ఒక తలుపు దభీమని పడింది. ఆ చప్పుడుకు లింగవ్వ ఉలిక్కిపడి లేచింది. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుంది. మొదట నోరు తెరిచినా మాట రాలేదు. రెండోసారి వచ్చింది.

"ఓ సారూ! పోలీసు సారూ! బండి ఆపుండ్రి! భూమన్న పటేలును సంపింది గాడే! గా రాజశేఖరే! నా పెనిమిటి కండ్లార సూసిండు! తొవ్వల నా పెనిమిటిని గూడ సంపుతడు, బండి ఆపుండ్రి!"

ఆవరణలో ఉన్న ప్రతి మనిషీ పైకి చూశాడు. రాజశేఖర్ కూడా చూశాడు. చూసి, ఆశ్చర్యంగా, నవ్వుతూ సురేందర్ వైపు తిరిగాడు.

"పాపం, భయానికి మతి పోయింది సార్ ఆమెకు. ఆయన నోరు మూసి ఇన్ని రోజులాయె. ఒక్క మాట మాట్లాడలేనోడు ఆమెకు నా పేరెట్ల చెప్తడు?"

ఆ నోరు విప్పి రామ్‌దాస్ పాఠం నేర్పాడని ఇందాక ఎగిరింది సురేందరే. డాక్టర్ హర్షిణి ఆయన వంక చూసింది. ఆయన ఒకసారి కిటికీ వైపు, ఊచలకు వేలాడుతున్న ఆ బక్కపలచని ఆడమనిషి వైపు చూశాడు. మెల్లగా వెళ్ళి అంబులెన్స్ డ్రైవర్ దగ్గర తాళం చెవి లాక్కున్నాడు. ఇంజన్ ఆగింది.

"ఆ నోరు ఇయ్యాల తెరుచుకుంది రాజశేఖర్ సాబ్" అన్నాడు. "నా కండ్లతోని చూసిన. జర ఆ ప్లయర్, ఆ జ్యూస్ సీసా రెండు ఇటియ్యి."

రాజశేఖర్ సీసా ఇవ్వలేదు. నేలకేసి కొట్టబోయాడు. పక్కనున్న కానిస్టేబుల్ చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు.

పైన లింగవ్వ ఊచలు వదల్లేదు. ఆమెకు కింద మాటలు వినపడలేదు, కన్నీళ్ళలో ఏమీ కనపడలేదు. రామ్‌దాస్ వైపు తిరిగి, గొంతు పోయి, గుసగుసగా అడిగింది.

"అరిసిన్నా సారూ? బయటికొచ్చిందా మాట?"